సముద్రం సంగతులు: సూయజ్ మూసుకుంటే మనకేమిటి?

పోయిన సంచికలో మధ్యధరా సముద్రాన్నీ ఎర్ర సముద్రాన్నీ కలిపే సూయజ్ కాలువ గురించి రెండు పేరాలు రాసి ఊరుకున్నాను. పాఠకులు ఊరుకోలేదు. ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి, కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే. కొత్తగా చదివేవారికి ఒక మాట. నేను సరుకు ఓడల ఇంజన్ రూములో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. అర్థశాస్త్రం చదువుకోలేదు. దేశాల రాజకీయాలను నేను చూసిందల్లా కింద నుంచి, నూనె మరకల చొక్కాతో.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. అనకాపల్లి నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు రాశారు: "1967లో మూసుకున్న కాలువ ఆరేళ్లకు తెరుచుకుందని రాశారు. 1975లో కదా తెరిచింది? తీసివేత మరిచిపోయారా?"

మాస్టారూ, చెయ్యి చాపాను, బెత్తం వెయ్యండి. 1967 జూన్‌లో ఇజ్రాయెల్‌తో జరిగిన యుద్ధంతో మూసుకున్న కాలువ 1975 జూన్ 5న తెరుచుకుంది. నిండా ఎనిమిదేళ్లు. 1973 యుద్ధంతోనే ఆ గొడవ తీరిపోయినట్టు నా బుర్రలో ఉండిపోయింది. నిజానికి ఆ తర్వాత మందుపాతరలు ఏరి, మునిగిన ఓడలు తీసేసరికి ఇంకా ఏడాదిన్నర పైనే పట్టింది.

*

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఎక్కడో ఈజిప్టులో కాలువ, ఎవరో యెమెన్ వాళ్ల రాకెట్లు. పేపర్లలో మాత్రం పేజీలకు పేజీలు. మనకు నిజంగా ఏమైనా అవుతుందా, లేక ఊరికే హడావిడా?"
ఒక పాఠకుడు, కడప

అవుతుంది. అయితే పేపర్లలో రాసినట్టు కాదు.

అట్లాసు తీయండి. ముంబయి నుంచి లండన్‌కి సూయజ్ మీదుగా సుమారు 6,200 నాటికల్ మైళ్లు. ఆఫ్రికా కొసన గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళితే దాదాపు 10,800. నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, "ఓహో, దారి ఎక్కువ, కాబట్టి ఆయిలు ఖర్చు ఎక్కువ" అనుకుంటారు. ఆయిలు ఖర్చూ ఉంది. కానీ అసలు దెబ్బ రోజుల్లో ఉంది.

నేను మొదట ఎక్కిన పాత ఓడలు గంటకు 14 నాటికల్ మైళ్లు లాగేవి. ఆ లెక్కన కాలువ మీదుగా పద్దెనిమిదిన్నర రోజులు, చుట్టు దారిలో ముప్పై రెండు. రానూ పోనూ కలుపుకొని, రెండు వైపులా రేవుల్లో ఎక్కింపులకూ దింపులకూ ఒక నెల వేసుకోండి. కాలువ ఉంటే ఓడ ఏడాదికి అయిదు ట్రిప్పులు దర్జాగా వేస్తుంది. లేకపోతే నాలుగుకి కూడా సరిగ్గా అందదు. ఇప్పుడు చూడండి తమాషా. ఒక్క ఓడ మునగలేదు, ఒక్కటీ రిపేరుకి పోలేదు. అయినా ఆ దారిలో తిరిగే ఓడల్లో పదికి మూడు మాయమైనట్టే. సంతనాడు ఊళ్లో బండ్లు తగ్గిపోతే కిరాయి ఎవరు చెబుతారో, ఎవరు వింటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

కంటైనర్లు వచ్చాక ఇంకో చిక్కు తోడైంది. మనం సరుకు నింపడానికి కావలసిన ఖాళీ పెట్టె ఐరోపా నుంచి తిరిగి రావాలి. యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు ఓడల్ని కొట్టడంతో 2023 డిసెంబరులో మెర్స్క్, ఎమ్మెస్సీ, హపాగ్ లాయిడ్ లాంటి పెద్ద కంపెనీలు ఎర్ర సముద్రం వదిలేసి చుట్టు దారి పట్టినప్పుడు, ఓడతో పాటు ఆ ఖాళీ పెట్టె కూడా పది పన్నెండు రోజులు వెనకబడింది. సరుకు సిద్ధంగా ఉంది, కొనేవాడు ఉన్నాడు, పెట్టె లేదు. ధైర్యం చేసి ఎర్ర సముద్రంలోంచే పోతానన్నవాడికి యుద్ధ ప్రమాద బీమా ఉంది. మామూలు రోజుల్లో ఓడ విలువలో పదో వంతు శాతం కూడా ఉండనిది ఒక శాతం దాకా ఎగబాకింది. పది కోట్ల డాలర్ల ఓడకైతే ఒక్కసారి దాటడానికి పది లక్షల డాలర్లు!

ఇంతవరకూ ఒక వైపు. రెండో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే సూయజ్ అనగానే అన్నిటికీ దాన్నే కారణం చెయ్యడం ఒక జబ్బుగా మారింది. గల్ఫ్ నుంచి మనకొచ్చే ముడి చమురు సూయజ్ మొహం చూడదు. దాని గండం గల్ఫ్ మూతి దగ్గరున్న హోర్ముజ్ జలసంధి. ఇండోనేషియా, ఆస్ట్రేలియా బొగ్గు తూర్పు నుంచి వస్తుంది. విశాఖ నుంచి జపాన్‌కి పోయే ఇనుప ఖనిజం తూర్పుకే పోతుంది. కాలువ మూసుకుని ఉన్న ఆ ఎనిమిదేళ్లలోనే బైలదిల్లా ఇనుప గనులు మొదలయ్యాయి, విశాఖ ఔటర్ హార్బరు పనులూ సాగాయి. పడమటి తలుపు మూసుకున్నా తూర్పు కిటికీ తెరిచే ఉంది. నష్టపోయింది కలకత్తా జనపనార, తేయాకు, బొంబాయి బట్టలు. అంటే ఐరోపా వైపు మొహం పెట్టిన సరుకులు.

*

"అన్నయ్యగారూ, పొద్దుతిరుగుడు నూనె ధర పెరిగినప్పుడల్లా కొట్టువాడు 'సూయజ్ అమ్మా, సూయజ్' అంటున్నాడు. ఆ పేరు అతనికి ఎవరు నేర్పారో గానీ, నిజమేనా?"
ఒక గృహిణి, విజయవాడ

చెల్లెమ్మా, కొట్టువాడు చెప్పింది మూడింట ఒక వంతు నిజం.

మన దేశం వంటనూనెల్లో సగానికి పైగా బయటి నుంచి తెచ్చుకుంటుంది. ముఖ్యంగా మూడు రకాలు. పామాయిలు ఇండోనేషియా, మలేషియాల నుంచి, అంటే తూర్పు నుంచి వస్తుంది. సోయా నూనె ఎక్కువగా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి. అది మామూలుగానే ఆఫ్రికా కింద నుంచి చుట్టి వస్తుంది. పొద్దుతిరుగుడు మాత్రం ప్రధానంగా రష్యా, ఉక్రెయిన్, రొమేనియాల నుంచి. నల్ల సముద్రంలో బయల్దేరి, ఇస్తాంబుల్ దాటి, సూయజ్‌లో దూరి, ఎర్ర సముద్రంలోంచి మీ వంటింటికి రావాలి. మూడు నూనెల్లో కాలువ మీద ఆధారపడింది ఇదొక్కటే. కాకపోతే ఇది ప్రియమైతే జనం పామాయిలు వైపు మళ్లుతారు, అప్పుడు దాని ధరా కదులుతుంది.

మిగతా రెండొంతులూ? 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వమే ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం 20 శాతం పెంచింది. ఇక్కడి నూనెగింజల రైతుకు ధర పలకాలని. అది సరైన పనా కాదా అన్నది వేరే చర్చ. కానీ ఆ పెంపు ఢిల్లీలో జరిగింది, ఈజిప్టులో కాదు. మీ కొట్టువాణ్ణి ఇంకో ప్రశ్న అడగండి: ఎర్ర సముద్రంలో గొడవైన మర్నాడే ధర పెంచావే, నీ కొట్లో ఉన్న డబ్బాలు అంతకు రెండు నెలల ముందు దిగినవి కదా? జవాబు నాకు రాయండి, అచ్చు వేయిస్తాను.

*

"సివిల్స్‌కి చదువుతున్నాను సార్. 1956 సూయజ్ సంక్షోభం మన దేశానికి రాజకీయంగా మేలు చేసిందా, ఆర్థికంగా కీడు చేసిందా? పుస్తకాల్లో రెండూ విడివిడిగా ఉన్నాయి, కలిపి చెప్పేవారు లేరు."
ఒక విద్యార్థిని, హైదరాబాదు

అమ్మాయీ, నా జవాబు పరీక్షలో రాసి మార్కులు పోతే నా పూచీ లేదు. కానీ ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, కాస్త ఓపిగ్గా చదువు.

1956 జులైలో నెహ్రూ, ఈజిప్టు అధ్యక్షుడు నాజర్, యుగోస్లావియా అధ్యక్షుడు టిటో యుగోస్లావియాలోని బ్రియోని దీవిలో కలుసుకున్నారు. అక్కణ్ణించి నెహ్రూ, నాజర్ ఒకే విమానంలో కైరోకి బయల్దేరారు. నైలు నది మీద ఈజిప్టు కట్టదలచిన అస్వాన్ డ్యాముకి ఇస్తానన్న సాయం అమెరికా ఉపసంహరించుకుందన్న కబురు దారిలోనే అందింది. సరిగ్గా వారానికి, జులై 26న, నాజర్ బ్రిటన్, ఫ్రాన్సుల చేతిలో ఉన్న కాలువ కంపెనీని జాతీయం చేశాడు. పక్క సీట్లో కూర్చుని వచ్చిన నెహ్రూకి ఆ సంగతి ముందుగా చెప్పలేదు. స్నేహితుడి ఇంట్లో భోజనం చేసి వచ్చిన వారానికి, ఆ స్నేహితుడు ఊరి మోతుబరితో కోర్టుకెక్కాడని పేపర్లో చదివినట్టు అయింది మన పరిస్థితి.

ఇక్కడే అసలు ఇరకాటం. ఈజిప్టు చేసింది న్యాయమని మన మనసుకు తెలుసు. వలస పాలన నుంచి బయటపడిన ప్రతి దేశానికీ తెలుసు. కంపెనీకిచ్చిన తొంభై తొమ్మిదేళ్ల ఒప్పందం ఎటూ 1968లో ముగిసేదే. కానీ మన సరుకు ఆ కాలువలోంచే పోవాలి. అప్పుడు మన సరుకులేమిటో గుర్తుచేసుకో. రెండో పంచవర్ష ప్రణాళిక ఆ ఏప్రిల్‌లోనే మొదలైంది. భిలాయ్‌కి రష్యా యంత్రాలు, రూర్కెలాకి జర్మనీ యంత్రాలు, దుర్గాపూర్‌కి బ్రిటన్ యంత్రాలు. మూడు ఉక్కు కర్మాగారాలకు ముగ్గురు పెళ్లిపెద్దలు, ముగ్గురూ కాలువకు అవతలే. పైగా ఆ ఆగస్టులోనే అమెరికా వాళ్ల పీఎల్ 480 అనే చట్టం కింద వాళ్ల గోధుమలకు ఒప్పందం కుదిరింది.

అందుకని మన వాళ్లు రెండు కాళ్ల మీద నిలబడ్డారు. ఆగస్టులో లండన్‌లో 22 దేశాల సమావేశం జరిగితే, ఈజిప్టు రాకపోయినా మనం వెళ్లాం. మన ప్రతినిధి కృష్ణ మీనన్ ఒక పథకం పెట్టాడు: కాలువ ఈజిప్టుదే, వాడుకునే దేశాలు సలహా చెప్పొచ్చు గానీ పెత్తనం చెయ్యకూడదు, 1888 నాటి ఒప్పందం ప్రకారం దారి అందరికీ తెరిచి ఉండాలి. పద్దెనిమిది దేశాలు కాలువను అంతర్జాతీయ సంస్థ చేతికివ్వాలన్న అమెరికా పథకం వైపు పోయాయి. సోవియట్ యూనియన్, ఇండోనేషియా, సిలోన్ (ఇప్పటి శ్రీలంక), మనం మిగిలాం. సెప్టెంబరులో కంపెనీ తాలూకు విదేశీ పైలట్లు పని వదిలేసి వెళ్లిపోయారు, కాలువ ఆగిపోతుందని. ఆగలేదు. ఉన్న కొద్దిమందితో ఈజిప్టు నడిపించింది. (పైలట్ అంటే విమానం తోలేవాడు కాదు, ఓడను కాలువలో దారి చూపి నడిపించేవాడు.) నడపగలరని రుజువైంది. నన్నడిగితే బ్రిటన్, ఫ్రాన్సులకు మంట పుట్టించింది అదే.

అక్టోబరు 29న ఇజ్రాయెల్ దాడి, వెంటనే బ్రిటన్, ఫ్రాన్సు. ఈజిప్టు కాలువలో ఓడలు ముంచేసి దారి మూసేసింది. ఎవరి కాలువను 'కాపాడటానికి' సైన్యాలు వచ్చాయో ఆ కాలువ 1957 ఏప్రిల్ దాకా పనిచెయ్యలేదు. పౌండు పతనమవుతుంటే అమెరికా కాపాడనంది. బ్రిటన్ ప్రధాని ఈడెన్ జనవరిలో రాజీనామా చేశాడు.

మన పార్లమెంటులో కామన్వెల్త్ నుంచి బయటికి రావాలన్న మాట గట్టిగా వినబడింది. నెహ్రూ రాలేదు. దాడిని మాత్రం తీవ్రంగా ఖండించాడు. అరబ్బు దేశాల్లో మన పేరు ఆకాశానికెక్కింది. సరిగ్గా అదే రోజుల్లో హంగరీలో తిరుగుబాటును అణచడానికి సోవియట్ ట్యాంకులు దాని రాజధాని బుడాపెస్ట్‌లోకి పోయాయి. దాని మీద మన గొంతు అంత పైకి లేవలేదు. ఐక్యరాజ్య సమితి పర్యవేక్షణలో హంగరీలో ఎన్నికలు జరపాలన్న మాట ఉన్న తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేశాం. ఇవాళ హంగరీ అంటే రేపు కాశ్మీరు అంటారన్న జంకు. జయప్రకాశ్ నారాయణ్ లాంటి వారు దేశంలోనే నిలదీశారు. కాలువ దగ్గర సంపాదించిన పేరులో కొంత బుడాపెస్ట్‌లో, డాన్యూబు ఒడ్డున ఖర్చయింది.

ఇక డబ్బు. 1957లో మనకు విదేశీ మారక ద్రవ్యం కటకటలాడింది, మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో సాయం చేసే దేశాల కూటమి ఏర్పడేదాకా వచ్చింది. దానికి సూయజ్ కారణమని కొన్ని గైడ్లలో ఉంటుంది. నమ్మకు. అసలు కారణం యంత్రాల దిగుమతులు అంచనాలు దాటిపోవడం, తిండిగింజలు కొనాల్సి రావడం. సూయజ్ గోరుచుట్టు మీద రోకటిపోటు, అంతే. యంత్రాలు ఆలస్యం, కిరాయి అదనం, అదీ మన దగ్గర తక్కువగా ఉన్న పౌండ్లలో. మన ఓడలు అప్పటికి చాలా కొద్ది. ప్రభుత్వ రంగంలో రెండు చిన్న కంపెనీలను కలిపి షిప్పింగ్ కార్పొరేషన్ పెట్టింది 1961లో. కాలువ ఎవరిదన్న పాఠం అందరూ చదివారు, ఓడ ఎవరిదన్న పాఠం మనం కిరాయి బిల్లు చూసి నేర్చుకున్నాం.

రాజకీయాన్నీ వర్తకాన్నీ కలిపి చెప్పమన్నావు కదా, నేను కళ్లారా చూసింది ఒకటి చెబుతాను. 1972లో జూనియర్ ఇంజనీరుగా కలకత్తా నుంచి లండన్‌కి తేయాకు, గోనెసంచుల లోడుతో గుడ్‌హోప్ చుట్టి వెళ్లాను. ఆ దారిలో ఓడలన్నీ డర్బన్‌లోనో కేప్‌టౌన్‌లోనో ఆగి ఆయిలు పోసుకునేవి. మేం ఆగలేదు. జాతి వివక్ష మీద నిరసనగా 1946లోనే దక్షిణాఫ్రికాతో వర్తకం తెంచుకున్న దేశం మనది. మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ట్యాంకులు అంచుల దాకా నింపుకుని, మళ్లీ పశ్చిమాఫ్రికాలోని డాకర్ చేరేదాకా గుక్క పట్టాం. ఆ కొస దగ్గర అలలకు ఓడ వెనక భాగం పైకి లేచి, ప్రొపెల్లరు గాలిలో తిరిగి, ఇంజను ఒక్కసారిగా ఊళపెట్టేది. ఒక చెయ్యి కంట్రోలు మీద, ఇంకో చెయ్యి కమ్మీ మీద. మా చీఫ్ ఇంజనీరు రోజూ పొద్దున ట్యాంకుల్లో కొలబద్ద వేయించి, ఆ అంకె చూసి నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పే విదేశాంగ విధానం అని నాకు చాలా ఏళ్లకు తట్టింది.

*

"నెహ్రూ కాలంలో అంత గట్టిగా మాట్లాడిన మనం, హూతీలు ఓడల్ని కొడుతుంటే అమెరికా పెట్టిన కూటమిలో ఎందుకు చేరలేదు? భయమా, లౌక్యమా?"
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

లెక్క. 2023, 2024 ల్లో మనం కొన్న ముడి చమురులో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, రష్యాది. అందులో చాలా భాగం బాల్టిక్, నల్ల సముద్రాల రేవుల నుంచి సూయజ్, ఎర్ర సముద్రం మీదుగానే వచ్చింది. అప్పటికి ఇరాన్‌తో చాబహార్ రేవు పని ఉంది. ఇజ్రాయెల్‌తో ఆయుధాల పని ఉంది. గల్ఫ్‌లో మన వాళ్లు లక్షల్లో ఉన్నారు, అందులో మీ జిల్లావాళ్లూ తక్కువేం కాదు. ఇంతమందితో పని ఉన్న ఇంటివాడు వీధి తగాదాలో ఒక జట్టు చొక్కా తొడుక్కోడు.

అలాగని చేతులు ముడుచుకునీ కూర్చోలేదు. 2023 డిసెంబరు 23న గుజరాత్ తీరానికి సుమారు 200 నాటికల్ మైళ్ల దూరంలో కెమ్ ప్లూటో అనే ట్యాంకరును డ్రోను కొట్టింది. మంగళూరు వస్తున్న ఓడ, అందులో సుమారు ఇరవై మంది మన నావికులు. ఆ తర్వాత మన నౌకాదళం అరేబియా సముద్రంలో ఎన్నడూ లేనన్ని నౌకలు దించింది. జనవరిలో విదేశాంగ మంత్రి జైశంకర్ టెహ్రాన్ వెళ్లి ఈ మాటే ఎత్తారు. అదే నెల 26న ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే ట్యాంకరుకు క్షిపణి తగిలి మంటలు లేచాయి. ఆర్పడానికి వెళ్లింది మన ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఓడలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. ట్యాంకుల్లో ఉన్నది రష్యా నాఫ్తా, చమురు నుంచి తీసే సరుకు. ఓడ నడిపేది పాశ్చాత్య కంపెనీ, కొట్టింది ఇరాన్ స్నేహితులైన హూతీలు, మంట ఆర్పింది విశాఖ పేరున్న యుద్ధనౌక. ఇందులో మనం ఎవరి పక్షమో మీరే తేల్చి నాకు రాయండి.

2023 సెప్టెంబరు 9న ఢిల్లీ జీ20లో మన దేశం నుంచి గల్ఫ్, ఇజ్రాయెల్ మీదుగా ఐరోపాకి ఓడలూ రైళ్లూ కలిపిన కారిడార్ ఒకటి ప్రకటించారు. సూయజ్‌కి మారుదారి అని సంబరపడ్డాం. నెల తిరక్కుండానే అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి, ఆ వెనకే గాజా యుద్ధం వచ్చాయి.

*

"కొనేవాళ్లు సూయజ్ పేరు చెప్పి రొయ్య కౌంటుకి రేటు కోసేశారు. మా చెరువుకీ ఆ కాలువకీ సంబంధం ఏమిటండీ?"
ఒక రొయ్యల రైతు, భీమవరం

సంబంధం ఉంది, కానీ వాళ్లు చెప్పినంత లేదు. అమెరికా తూర్పు తీరానికి పోయే మన రొయ్య చాలావరకు సూయజ్ దారే పట్టేది. చుట్టు దారి పట్టగానే రీఫర్ కంటైనరు, అంటే చలిపెట్టె, ఓడ మీద పది పన్నెండు రోజులు అదనంగా కరెంటు తాగుతుంది. నేను రీఫర్లున్న ఓడల్లో చేశాను. రాత్రి రెండు గంటలకు ఒక్క పెట్టె అలారం మోగిందంటే మాకు నిద్ర ఉండేది కాదు. ఖర్చు నిజమే.

కానీ ఒకటి కనుక్కోండి. ఎగుమతిదారు అమ్మింది ఎఫ్ఓబీ మీదా, సీఐఎఫ్ మీదా? మొదటిదైతే ఓడ కిరాయి అవతల కొనేవాడే కట్టుకోవాలి. రెండోదైతే మన ఎగుమతిదారు కట్టాలి. ఎఫ్ఓబీ మీద అమ్మి, తాను కట్టని కిరాయి పేరు చెప్పి మీ రేటు మొత్తంగా కోస్తే అది సూయజ్ కాదు. అసలు పోటీ ఈక్వెడార్‌తో. వాళ్లకు సూయజ్ అక్కర్లేదు. న్యూయార్క్ వైపు పోవాలంటే మాత్రం పనామా కాలువ కావాలి. చిత్రమేమంటే, అదే 2023 చివర్లో పనామా కూడా వానల్లేక ఎండింది. అది మెట్లమెట్ల కాలువ, ఒక్కో ఓడకు గాటూన్ చెరువు నుంచి సుమారు ఇరవై కోట్ల లీటర్ల మంచినీళ్లు వదలాలి. రోజుకు 36 ఓడలు దాటే చోట 24కి, ఇంకా కిందికీ దించేశారు. మీకు చెరువు నీళ్ల బాధ తెలుసు కాబట్టి రాస్తున్నాను.

*

"తాతగారూ, ఒక్క ఓడ అడ్డం తిరిగితే ప్రపంచం ఎలా ఆగిపోయింది?"
తొమ్మిదో తరగతి, నెల్లూరు

ఎవర్ గివెన్ సంగతే కదా? 2021 మార్చి 23న గాలికీ దుమ్ముకీ ఆ ఓడ ముక్కు ఒక గట్టులో, తోక రెండో గట్టులో ఇరుక్కున్నాయి. ఓడ పొడవు 400 మీటర్లు, కాలువ వెడల్పు అంతకన్నా తక్కువ. పున్నమి పోటు నీరు, టగ్గులు కలిసి ఆరు రోజులకు కదిపాయి. వెనక నాలుగు వందలకు పైగా ఓడలు. జపాన్ వాళ్ల ఓడ, తైవాన్ కంపెనీ కిరాయి, పనామా జెండా. నడిపే 25 మందీ మాత్రం మనవాళ్లు. నష్టపరిహారం తేలేదాకా, జులై 7 దాకా, ఈజిప్టు ఆ ఓడను కదలనివ్వలేదు.

దానికన్నా గొప్ప కథ 1967లో ఇరుక్కున్న ఓడలది. గ్రేట్ బిట్టర్ లేక్ అనే ఉప్పు సరస్సులో పద్నాలుగు ఓడలు ఎనిమిదేళ్లు ఉండిపోయాయి. ఎడారి ఇసుక పడి పసుపు రంగుకి తిరిగాయి. నావికులు సొంతంగా తపాలా బిళ్లలు వేసుకున్నారు, 1968లో ఒలింపిక్స్ కూడా ఆడుకున్నారు. 1975లో రెండు జర్మన్ ఓడలు మాత్రం సొంత ఇంజన్ల మీద హాంబర్గ్ చేరాయి. ఎనిమిదేళ్లు పడుకున్న ఇంజన్ను లేపి ఇల్లు చేరడం! ఆ ఇంజనీర్లకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. మరుసటి ఏడాది నేను మొదటిసారి కాలువ దాటినప్పుడు, డ్యూటీ దిగి డెక్ మీదికి పరిగెత్తింది ఆ సరస్సు చూడటానికే. ఖాళీ నీళ్లు. గట్టున తుప్పు పట్టిన ట్యాంకు ఒకటి.

*

"మా వాడు డెక్ కేడెట్‌గా చేరాడు. ఓడ ఎక్కడుందో ఫోనులో యాప్ పెట్టుకుని చూస్తుంటాను. మొన్న ఏడెన్ దగ్గర చుక్క మాయమైపోయింది. రెండు రాత్రులు నిద్ర లేదు. ఉద్యోగం మానిపించమంటారా బాబుగారూ?"
ఒక తల్లి, సోంపేట

అమ్మా, ముందు చుక్క సంగతి. ప్రతి ఓడలో ఏఐఎస్ అనే పెట్టె ఉంటుంది, అదే 'నేనిక్కడున్నాను' అని చెబుతూ ఉంటుంది. మీ యాప్ చూపించేది దాన్నే. ఎర్ర సముద్రం దక్షిణ భాగంలో చాలామంది కెప్టెన్లు దాన్ని కావాలనే ఆపేస్తారు, కాచుకుని ఉన్నవాడికి కనబడకూడదని. చుక్క పోయిందంటే చాలాసార్లు అర్థం, కెప్టెను జాగ్రత్తగా ఉన్నాడని. ప్రమాదం లేదని మాత్రం అనలేను. 2024 మార్చిలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడ మీద క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోయారు. మిగిలినవాళ్లను మన ఐఎన్ఎస్ కోల్‌కతా ఒడ్డుకు చేర్చింది.

మానిపించడం, మానిపించకపోవడం వాడి ఇష్టం, మీ ఇష్టం. ఈ రెండు మాత్రం అడిగి తెలుసుకోండి. వాణ్ణి పంపిన ఏజెన్సీకి, నావికుల్ని ఓడలకు పంపడానికి ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందా? ఓడ మీద అంతర్జాతీయ కార్మిక సంఘాల ఒప్పందం ఉందా? ఉంటే, యుద్ధ ప్రాంతమని గుర్తించిన చోటికి రానని చెప్పే హక్కు వాడికి ఉంటుంది, వెళితే అక్కడ ఉన్న రోజులకు మూల వేతనం రెట్టింపు. కుర్రవాళ్లు మొహమాటపడి అడగరు. మీరు అడిగించండి.

దారి మామూలుగా ఉంటే ఏడెన్ దగ్గర మాయమైన చుక్క రెండు మూడు రోజుల్లో జెద్దా ఎగువన మళ్లీ కనబడుతుంది. ఈ ఉత్తరం నాకు అందేసరికే కనబడి ఉంటుంది. కనబడిందో లేదో ఒక కార్డు ముక్క రాయండి.